క్యాన్సర్ ప్యాకేజీలో మనసుకి కూడా ఒక కోడ్ ఇవ్వండి

రెండు తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖ మంత్రి గార్లకు, తెలంగాణ ఆరోగ్యశ్రీ ట్రస్టు, ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు అధికారులకు,

నమస్కారం.

నాది ఖమ్మం జిల్లా. రొమ్ము క్యాన్సర్‌కి ఆరోగ్యశ్రీ కార్డు మీదే హైదరాబాదులో ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ చేయించుకున్నాను. ఇప్పుడు జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే టామాక్సిఫెన్ మాత్ర రోజుకొకటి వేసుకుంటూ, రమ్మన్నప్పుడల్లా చెకప్‌కి వెళ్ళొస్తున్నాను. కార్డు లేకపోతే మాకున్న కాస్త పొలం కూడా అమ్ముకునేవాళ్ళం. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ ఉత్తరం చదివి ఈవిడకి ఎంత చేసినా తృప్తి లేదు అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు.

అడిగేది ఒక్కటే. క్యాన్సర్ ప్యాకేజీల జాబితాలో మానసిక వైద్యాన్ని కూడా ఒక చికిత్సగా చేర్చండి, దానికో కోడ్, దానికో రేటు పెట్టండి, ప్రతి క్యాన్సర్ వార్డులో ఆ పని నేర్చుకున్న ఒక నర్సుని కూర్చోబెట్టండి. ఎందుకు అడుగుతున్నానో, అది మన దగ్గర ఎలా కుదురుతుందో చెప్పడానికే మిగతా ఉత్తరమంతా.

చికిత్స జరిగినన్నాళ్ళూ ఆరోగ్యమిత్ర కౌంటర్ పక్కన బెంచీ మీద కూర్చుని మీ పని ఎలా నడుస్తుందో చూశాను. కోడ్ చూస్తారు, ప్రీ-ఆథ్ అని ముందస్తు అనుమతికి పెడతారు, అప్రూవల్ వస్తుంది, అప్పుడు మనిషి లోపలికి వెళ్తాడు. ఏ చికిత్సకి ఏ కోడ్, ఎంత రేటు అన్నీ రాసి ఉంటాయి. రాసి ఉన్నది ఎంత ఆలస్యమైనా జరుగుతుంది. రాసి లేనిది మాత్రం డాక్టరు గారి మంచితనం మీద, నర్సు ఓపిక మీద, ఆ రోజు ఓపీలో ఎంతమంది ఉన్నారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. మేం తిరిగిన చోట మనసుకి సంబంధించిన వైద్యం ఏదైనా ఆ కార్డు మీద దొరుకుతుందని మాకు ఎవరూ చెప్పలేదు. డాక్టర్లని తప్పు పట్టడం లేదు, పొద్దుట్నుంచి తల ఎత్తకుండా చూసే మనిషి నా ఒక్కదాని దగ్గర కూర్చుని "భయంగా ఉందా అమ్మా" అని అడగాలంటే వెనక నిలబడ్డవాళ్ళు ఊరుకుంటారా?

అలాగని నిద్ర గురించి అడగలేదనను. అడిగారు. పట్టడం లేదంటే మాత్ర రాశారు. నాకు చాలా తర్వాత తెలిసిన సంగతేమిటంటే, కీమోతో పాటు వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వల్ల చాలామందికి ఆ రాత్రీ మర్నాటి రాత్రీ నిద్ర రాదు, కొందరికి ఊరికే కోపం వస్తుంది, ఏడుపొస్తుంది, బుర్ర ఆగకుండా పరిగెడుతూనే ఉంటుంది. ఆ రాత్రుల్లో నాకు మతి పోతోందేమో అనుకునేదాన్ని, మా ఆయన మీద అరిచేదాన్ని, తెల్లారాక ఆయన మొహం చూడలేకపోయేదాన్ని. "ఇది స్టెరాయిడ్ పనమ్మా, రెండు రోజుల్లో సర్దుకుంటుంది" అని ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే సగం టెన్షన్ తగ్గేది. అది చెప్పడానికి సైకియాట్రిస్టు అక్కర్లేదు, అది నా పని అనుకునే మనిషి ఒకరు వార్డులో ఉంటే చాలు.

మన దగ్గర మాట్లాడేవాళ్ళకి కొదవేముంది అంటారా. నిజమే, జబ్బు మనిషిని ఒంటరిగా వదిలేసే అలవాటు మన ఊళ్ళకి లేదు. బత్తాయిలు, హార్లిక్స్ సీసా పట్టుకుని వస్తారు, మంచం పక్కకి కుర్చీ లాక్కుని "మా తోడికోడలి చెల్లెలికీ ఇదే, పాపం ఆర్నెల్లు కూడా తిరగలేదు, నువ్వు మాత్రం ధైర్యంగా ఉండాలి" అంటారు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటే క్యాన్సర్ కణాలు చచ్చిపోతాయట అని వాట్సాప్‌లో వచ్చింది చదివి వినిపిస్తారు. వాళ్ళ ప్రేమలో లోటు లేదు. కానీ ఆ మాటలు వినీ వినీ చివరికి ఏడవాలన్నా భయం పట్టుకుంటుంది. ఏడిస్తే జబ్బు పెరుగుతుందేమో, రేపు తిరగబెడితే నా పిరికితనం వల్లే తిరగబెట్టిందంటారేమో అని.

ఈ విషయం మీద జరిగిన పరిశోధనల గురించి కొంత చదివాను. 1989లో అమెరికాలో డేవిడ్ స్పీగెల్ అనే సైకియాట్రిస్టు, రొమ్ము క్యాన్సర్ ఒళ్ళంతా పాకిన ఆడవాళ్ళని ఒక చోట కూర్చోబెట్టి వారం వారం మనసు విప్పి మాట్లాడించే గ్రూపుల ఫలితం ప్రకటించారు. గ్రూపుకి వచ్చినవాళ్ళు రానివాళ్ళ కంటే దాదాపు రెట్టింపు కాలం బతికారని అందులో తేలింది. ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత కెనడాలో 235 మందితో అదే పద్ధతిని ఇంకా జాగ్రత్తగా పరీక్షించి చూస్తే (2001లో ఆ ఫలితం వచ్చింది) ఆయుష్షు ఏమీ పెరగలేదు. కానీ దిగులు తగ్గింది, నొప్పి బాధ కూడా తగ్గింది, ముఖ్యంగా మొదటినుంచీ ఎక్కువ దిగులుగా ఉన్నవాళ్ళలో. నాకు ఈ రెండో ఫలితమే నచ్చింది. నవ్వితే క్యాన్సర్ పోతుందన్న బరువు నెత్తిమీద నుంచి దిగిపోయింది. దిగులు దిగులే, దానికి వైద్యం ఉంటే అది తగ్గడానికే చేయించుకోవాలి, ఆయుష్షు లెక్క చూపిస్తేనే డబ్బులిస్తామంటే ఎలా? నొప్పికి మార్ఫిన్ ఇచ్చేటప్పుడు ఎన్ని రోజులు ఎక్కువ బతుకుతాడు అని అడుగుతామా?

ఇంకో సంగతి, ఇది మన ఇళ్ళలో మరీ ఎక్కువ. పేషెంటుని బయట కూర్చోబెట్టి కొడుకో అల్లుడో లోపలికొచ్చి "నాన్నకి చెప్పకండి సార్, తట్టుకోలేరు" అంటారు. బోర్డు మీద అంతేసి అక్షరాలతో క్యాన్సర్ ఆసుపత్రి అని రాసి ఉంటే, ఆ గేటులోంచే నడిపించుకొచ్చిన పెద్దాయనకి ఏమీ తెలియదని ఇంటిల్లిపాదీ నమ్ముతారు. ఆయనకి తెలుసు. తెలిసిన సంగతి పిల్లలకి తెలిస్తే బాధపడతారని ఆయనా నోరు మెదపడు. అలా ఒకే గదిలో ఉండి ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటూ, పొలం ఎవరికి, ఆడపిల్ల పెళ్ళి ఎప్పుడు, అప్పు ఎవరి దగ్గర ఎంతుంది అన్న అసలు మాటలేవీ మాట్లాడుకోకుండానే మనుషులు వెళ్ళిపోతున్నారు. చెడ్డ కబురు ఎలా చెప్పాలి, ముందు అవతలి మనిషికి ఎంత తెలుసో ఎంత తెలుసుకోవాలనుకుంటున్నాడో ఎలా కనుక్కోవాలి, కుటుంబాన్ని ఎలా ఒప్పించాలి అన్నదానికి డాక్టర్లకి, నర్సులకి నేర్పించే పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి. కొన్ని మెడికల్ కాలేజీల్లో చెబుతున్నారు కూడా. వార్డులో దాన్ని ఆచరించడానికి కావలసిన పావుగంట, తలుపు వేసుకునే ఒక గది మాత్రం ఏ ప్యాకేజీలోనూ కనబడదు.

గది అంటే గుర్తొచ్చింది. రొమ్ము తీసేశాక కట్టు విప్పే రోజున, కర్టెన్ అవతల ఇద్దరు మగ అటెండెంట్లు నిలబడి ఉండగా, నన్ను నేను మొదటిసారి చూసుకున్నాను. అద్దం లేదు, అదే నయం. జుట్టు ఊడినప్పుడు ఇంత బాధ లేదు, మన దేశంలో గుండుకి ఒక గౌరవం ఉంది కదా, బస్సులో "తిరుపతి ఎప్పుడు వెళ్ళొచ్చారు" అని అడిగేవాళ్ళు, "మొన్ననే" అనేదాన్ని, లడ్డూ తెచ్చారా అంటే మాత్రం ఇబ్బంది. కానీ ఛాతీ గురించి, మొగుడూ పెళ్ళాల మధ్య తర్వాత ఏమవుతుందన్నదాని గురించి అడగడానికి మనిషే లేదు. పాతికేళ్ళ పిల్లలు, పెళ్ళి కావలసినవాళ్ళు, పసిపిల్లల తల్లులు ఆ వార్డులో ఉన్నారు. వాళ్ళెవరిని అడగాలి?

మగవాళ్ళ సంగతి వేరే. నోటి క్యాన్సర్ వార్డులో గుట్కా, జర్దా తిన్నవాళ్ళే ఎక్కువ, దవడ తీసేసి మొహం మారిపోయినవాళ్ళు, స్వరపేటిక తీసేస్తే మాట పోయినవాళ్ళు. "తిన్నప్పుడు తెలియలేదా" అని ఇంట్లో ఒకసారి, ఓపీలో ఒకసారి, బస్టాండులో ఒకసారి అనిపించుకుని ఉంటారు. ఉత్తరాంధ్రలో చుట్టని నిప్పు లోపలికి పెట్టి అడ్డచుట్ట కాల్చే ముసలమ్మలకి అంగిట్లో పుండు వస్తే వాళ్ళకీ ఇదే మాట. తప్పు తనదే అన్న కుమిలిపాటు మీదికొచ్చాక మనిషి అన్నం మానేస్తాడు, తర్వాత రేడియేషన్ మధ్యలో ఆపేసి ఊరికి వెళ్ళిపోతాడు. అలా మధ్యలో పోయినవాళ్ళకి అప్పటిదాకా మీరు పెట్టిన ఖర్చంతా ఏమైనట్టు? డబ్బు లెక్కే కావాలంటే ఇది కూడా చూడండి.

ఇదంతా నా ఒక్కదాని గోలేనా అంటే కాదు. చాలా దేశాల్లో ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనాలన్నీ కలిపి 2011లో లెక్క చూస్తే, క్యాన్సర్ పేషెంట్లలో మూడో వంతుకి పైగా మందికి డిప్రెషనో, అలాంటి ఇంకో మానసిక ఇబ్బందో కనబడింది. స్వీడన్ దేశపు రికార్డులతో 2012లో వచ్చిన ఇంకో అధ్యయనం చదివి నాకు నిద్ర పట్టలేదు. క్యాన్సర్ అని తెలిసిన మొదటి వారంలో ప్రాణం తీసుకునే ప్రమాదం, జబ్బు లేనివాళ్ళతో పోలిస్తే పన్నెండు రెట్లకు పైగా ఉంది, మొదటి ఏడాది మొత్తం మీద చూస్తే మూడు రెట్లు. మొదటి వారం అంటే మన దగ్గర ఏమిటి? బయాప్సీ రిపోర్టు కవర్లో పెట్టి కౌంటర్లో చేతికిస్తారు, ఇంగ్లీషులో ఉంటుంది, పేషెంటు దాన్ని పట్టుకుని పక్కన మెడికల్ షాపు కుర్రాడి దగ్గరికి వెళ్ళి "ఇందులో ఏముంది బాబూ" అని అడుగుతాడు. ఇప్పటికిప్పుడు ఏ ఖర్చూ లేకుండా చేయగలిగింది ఒకటుంది, ఆ కవరు మీద మనసు బాగోలేనివాళ్ళతో మాట్లాడే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ-మానస్ నంబరు 14416 తెలుగులో, ఉర్దూలో పెద్దగా అచ్చు వేయించండి. 2022 అక్టోబరు నుంచి ఆ నంబరు పని చేస్తోంది, రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు. మా వార్డులో ఒక్కరికీ తెలియదు.

దిగులుని కొలవడం ఎలా అంటారేమో. న్యూయార్క్‌లో మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో జిమ్మీ హాలండ్ అనే సైకియాట్రిస్టు 1970ల చివర్లో క్యాన్సర్ పేషెంట్ల మనసు కోసమే ప్రత్యేకంగా ఒక విభాగం నడపడం మొదలుపెట్టారు. ఆవిడా, ఆవిడ తోటివాళ్ళూ తర్వాత డిస్ట్రెస్ థర్మామీటర్ అని ఒక కాగితం తయారు చేశారు. థర్మామీటర్ బొమ్మ, సున్నా నుంచి పది దాకా గీతలు, గడిచిన వారం రోజుల్లో నీ బాధ ఎంత అని గుర్తు పెట్టడం, పక్కన డబ్బు, పిల్లలు, నిద్ర, నొప్పి, భయం అంటూ ఒక జాబితాలో టిక్కులు. నాలుగూ ఆపైన వస్తే ఇంకాస్త వివరంగా మాట్లాడాలి. చదువు రాకపోతే నర్సు చదివి వినిపించొచ్చు, వేలు పెట్టి చూపిస్తే చాలు. బీపీ చూసినంత సేపట్లో అయిపోతుంది. జ్వరం, నాడి, శ్వాస, బీపీ, నొప్పి తర్వాత ఆరోదిగా దీన్ని కూడా ప్రతి పేషెంటుకీ చూడాలని క్యాన్సర్ పేషెంట్ల మనసు గురించి పనిచేసే అంతర్జాతీయ సైకో-ఆంకాలజీ సొసైటీ ఎప్పుడో చెప్పింది. రిపోర్టు చెప్పిన రోజు ఒకసారి, చికిత్స మధ్యలో ఒకసారి, చికిత్స అయిపోయిన రోజు ఒకసారి, జబ్బు తిరగబెడితే మళ్ళీ ఒకసారి. కానీ ఒక షరతు, నాలుగు దాటినవాళ్ళని పంపడానికి ఎవరూ లేకుండా కాగితం ఒక్కటే మొదలుపెట్టకండి. అడిగి, రాసుకుని, ఫైల్లో పెట్టేస్తే అడగకపోవడం కంటే హీనం.

ఎవరి దగ్గరికి పంపాలి? అందరూ ఇక్కడే ఆగిపోతారు, క్లినికల్ సైకాలజిస్టులు ఎక్కడున్నారండీ, సైకియాట్రిస్టులే చాలడం లేదు అని. అందుకే నర్సు అంటున్నాను. స్కాట్లాండ్‌లో క్యాన్సర్‌తో పాటు తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 500 మందితో ఒక పరీక్ష చేశారు, 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. సగం మందికి మామూలుగా అందే వైద్యం. మిగతా సగం మందిని శిక్షణ పొందిన క్యాన్సర్ నర్సులకి అప్పగించారు, వెనక నుంచి సైకియాట్రిస్టులు వాళ్ళని చూసుకుంటూ, మందులు అవసరమైతే సలహా ఇస్తూ ఉన్నారు. 24 వారాలకి నర్సుల చేతిలో ఉన్నవాళ్ళలో 62 శాతం మందికి డిప్రెషన్ కనీసం సగానికి తగ్గింది. మామూలు వైద్యం అందినవాళ్ళలో అలా తగ్గింది 17 శాతం మందికే. ఇంత తేడా చూపించే కొత్త కీమో మందు వస్తే ధర ఎంతైనా మీ జాబితాలో ఎక్కించమని గొడవలు అయిపోవూ?

ఆ నర్సులు చేసింది వింటే చాలా మామూలుగా ఉంటుంది. ఒకటి, దిగులుతో మంచానికి అతుక్కుపోయిన మనిషి చేత చిన్న చిన్న పనులు తేదీ వేసి మళ్ళీ చేయించడం. సాయంత్రం అరుగు మీద కూర్చోవడం, మనవణ్ణి బడి దాకా దిగబెట్టడం, ఆదివారం కూర తనే వండడం. మూడ్ బాగయ్యాక చేద్దాంలే అనుకుంటే అది ఎప్పటికీ రాదు, చేస్తూ ఉంటే మెల్లగా వస్తుంది అన్నది ఆ పద్ధతి. రెండు, కుప్పగా మీదపడ్డ సమస్యల్లోంచి ఒక్కటి తీసి, దానికి ఉన్న దారులన్నీ కాగితం మీద రాసి, ఒక దారి ఎంచి వారంలో ప్రయత్నించి మళ్ళీ వచ్చి చెప్పడం. నా విషయంలో ఆ ఒక్కటి ఏమయ్యేదో నాకు బాగా తెలుసు, రేడియేషన్‌కి రోజూ హైదరాబాదులో ఎక్కడుండాలి అన్నది. ఆ ఒక్క ముడి విప్పి ఉంటే మిగతా భయాల్లో సగం రాత్రిపూట వచ్చేవి కావు. ఇది మన దేశంలో సాగదు అంటే ఒప్పుకోను, గోవాలో మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళతో ఆరు నుంచి ఎనిమిది విడతలు ఇలాగే చేయిస్తే బాగా పనిచేసిందని 2017లో అదే లాన్సెట్‌లో వచ్చింది. పక్కనే చెన్నైలో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో సైకో-ఆంకాలజీకి ప్రత్యేక విభాగమే ఉంది, మన నర్సుల్ని అక్కడికి పంపి నేర్పించొచ్చు, రాత్రి రైలెక్కితే పొద్దున అక్కడుంటారు.

వెనక నుంచి చూసుకునే సైకియాట్రిస్టులు కావాలి కదా. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికీ, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికీ మధ్య ఎంత దూరం ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎర్రగడ్డలో మెట్రో ఎక్కితే లైను కూడా మారక్కర్లేకుండా లక్డీకాపూల్‌లో దిగొచ్చు. విశాఖలో అగనంపూడి దగ్గర టాటా వాళ్ళ హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, చినవాల్తేరులో మానసిక ఆసుపత్రి ఉంది, ఒకే ఊరు. వారానికి ఒక పూట సైకియాట్రిస్టు వచ్చి నర్సులతో కేసులు మాట్లాడినా చాలు. పేషెంటుని అటు పంపడం మాత్రం వద్దు. ఎర్రగడ్డ అన్న పేరు మన దగ్గర తిట్టు కింద వాడతారు, అక్కడికి వెళ్ళమని చీటీ రాసిస్తే ఆ చీటీ మెట్లు దిగేలోపే చింపేస్తారు. క్యాన్సర్ వార్డులోనే, కీమో ఎక్కించే కుర్చీ పక్కనే, రక్తపరీక్ష లాగే ఇదీ ఒకటి అన్నట్టుగా జరిగితేనే మనవాళ్ళు నోరు విప్పుతారు.

బయట వేరేగా చూపించుకోమనడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది, ఇది చాలామందికి తెలియదు. టామాక్సిఫెన్ ఒంట్లోకి వెళ్ళాక కాలేయంలో ఒక ఎంజైము దాన్ని పనిచేసే రూపానికి మారుస్తుంది. పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటి కొన్ని డిప్రెషన్ మందులు ఆ ఎంజైముని గట్టిగా అడ్డుకుంటాయి, దానివల్ల టామాక్సిఫెన్ పనితనం తగ్గొచ్చు. అలా అడ్డుపడని మందులూ ఉన్నాయి, వాటిని ఎంచుకోవాలి. మా పక్క ఊరావిడకి ఎక్కడో రాసిచ్చిన మాత్ర ఇలాంటిదేనని నెలల తర్వాత తేలింది. (ఇది చదివి ఎవరూ తమ మాత్రలు తామే మానేయకండి, చీటీ పట్టుకెళ్ళి మీ క్యాన్సర్ డాక్టరుకి చూపించండి.) రెండు వైద్యాలూ ఒకే ఫైల్లో ఉండాలనడానికి ఇంతకన్నా కారణం ఏం కావాలి?

తోడొచ్చేవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. రైల్వే వాళ్ళకి ఉన్న ఆలోచన కూడా ఆసుపత్రులకి లేదు, క్యాన్సర్ పేషెంటు చికిత్సకి వెళ్తుంటే టికెట్టు రాయితీ పేషెంటుకే కాక తోడు మనిషికీ ఇస్తారు. మా ఆయన ఆసుపత్రి ఆవరణలో చెట్టుకింద చాప వేసుకుని పడుకున్నారు, కూలీపనులు పోగొట్టుకున్నారు, నా ముందు ఏనాడూ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. ఆయనకీ ఆ థర్మామీటర్ కాగితం ఒకటి ఇవ్వాల్సింది. ఇంట్లో పిల్లలకి అమ్మకి ఏమైందో ఎవరు, ఏ మాటల్లో చెప్పాలన్నది కూడా ఆ నర్సు పనిలోకే వస్తుంది.

చికిత్స అయిపోయాక అంతా బాగైపోతుందనుకుంటారు. నాకైతే అప్పుడే మొదలైంది. రోజూ ఆసుపత్రికి వెళ్తున్నన్నాళ్ళూ ఏదో ఒకటి జరుగుతోంది అన్న ధీమా ఉండేది, "ఇక ఆర్నెల్లకి రండి" అనగానే కాళ్ళకింద నేల లేనట్టయింది. నడుం నొప్పి వస్తే ఎముకలకి పాకిందేమో, దగ్గొస్తే ఊపిరితిత్తులకేమో. స్కాన్ తేదీ దగ్గరపడితే ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేను. ఈ తిరగబెడుతుందన్న భయానికి కూడా విడిగా చికిత్స ఉంది, ఆస్ట్రేలియాలో ఐదు విడతల్లో నేర్పించే ఒక పద్ధతి పరీక్షించి చూశారు, భయం బాగా తగ్గింది. ఆ భయాన్ని పూర్తిగా పోగొడతామని వాళ్ళు చెప్పరు, దాని మీద నుంచి ధ్యాస మళ్ళించుకుని రోజువారీ బతుకు నడుపుకోవడం నేర్పిస్తారు. మైండ్‌ఫుల్‌నెస్, యోగా కూడా ఉపయోగపడతాయని పరిశోధనలున్నాయి, పెట్టండి, కాకపోతే ఒక యోగా మాస్టర్ని వేసి మానసిక వైద్యం అయిపోయిందని మాత్రం అనకండి.

ఇక నయం కాదని తేలినవాళ్ళు. ఇక్కడ మన దగ్గర మంచి పని జరుగుతోంది, చెప్పకపోతే అన్యాయం. ఎంఎన్‌జేలో పాలియేటివ్ విభాగం, అంటే జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే విభాగం, చాలా ఏళ్ళుగా నొప్పి తగ్గిస్తోంది, మార్ఫిన్ మాత్రలు ఇస్తోంది, ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ డబ్బు తీసుకోకుండా చివరి రోజులు చూసుకుంటోంది, తెలంగాణలో జిల్లాల్లో కూడా పాలియేటివ్ కేంద్రాలు పెట్టి ఇంటికి వెళ్ళి చూసే బృందాల్ని తిప్పుతున్నారు. నొప్పి తగ్గకుండా ఎవరెంత మాట్లాడినా లాభం లేదు కాబట్టి అది ముందు ఉండాల్సిందే. ఆ బృందాలకి మాటల వైద్యం కూడా నేర్పిస్తే చాలు. కెనడాలో హార్వీ చోచినోవ్ అనే సైకియాట్రిస్టు మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది, డిగ్నిటీ థెరపీ అంటారు. చివరి దశలో ఉన్న మనిషిని, నీ బతుకులో నువ్వు గర్వపడేది ఏమిటి, పిల్లలకి ఏం చెప్పాలనుకుంటున్నావు అని అడిగి, చెప్పిందంతా రాసి, మళ్ళీ చదివి వినిపించి, సరిదిద్ది, కుటుంబానికి ఇచ్చేస్తారు. మన పెద్దవాళ్ళకి ఇలా అడిగేవాళ్ళు దొరికితే రెండు నోటుబుక్కులు నిండుతాయి. కేరళలో మలప్పురం, కోజికోడ్ వైపు ఊళ్ళలో మామూలు జనమే వాలంటీర్లుగా ఈ పనులన్నీ చేస్తున్నారు, అక్కడి ప్రభుత్వం 2008లోనే దీనికి ఒక విధానం తెచ్చింది.

చట్టం కూడా మీ వైపే ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో 18వ సెక్షన్, ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వం డబ్బిచ్చే సేవల్లో మానసిక వైద్యం పొందే హక్కు ప్రతి మనిషికీ ఉంది అంటోంది. 21వ సెక్షన్, శరీరపు జబ్బులకి ఎలా బీమా ఇస్తారో మానసిక జబ్బులకీ అలాగే ఇవ్వాలని బీమా కంపెనీలకి చెబుతోంది. మీది ట్రస్టు కదా, కంపెనీ కాదు కదా అని మీ లాయరు అనొచ్చు. అనుకోండి, కానీ డబ్బిచ్చేది ప్రభుత్వమే కదా.

ఒక భయం నాకూ ఉంది. కోడ్ పెట్టగానే కొన్ని నెట్‌వర్క్ ఆసుపత్రులు "కౌన్సెలింగ్ ఇచ్చాం" అని సంతకం పెట్టించుకుని బిల్లు వేసుకుంటాయి. మన దగ్గర ఏం జరుగుతుందో మీకే బాగా తెలుసు. కాబట్టి సంతకానికి డబ్బివ్వకండి. ఆ థర్మామీటర్ కాగితం మీద మొదట ఎంత స్కోరు, నాలుగైదు విడతల తర్వాత ఎంత స్కోరు అన్నది అప్‌లోడ్ చేయించండి, నర్సు పేరు, శిక్షణ సర్టిఫికెట్ నంబరు అడగండి, మీ కాల్ సెంటర్ నుంచి పేషెంటుకే ఫోన్ చేసి "మీతో ఎవరు మాట్లాడారు, ఏం మాట్లాడారు" అని కనుక్కోండి. రేటు విడత విడతకీ ఉండాలి, తోడు మనిషితో మాట్లాడినదీ అందులో కలపాలి, ఊరికి వెళ్ళిపోయాక ఫోన్లో మాట్లాడినదీ కలపాలి. ఆసిఫాబాద్ నుంచో పాడేరు నుంచో వచ్చినవాళ్ళని అరగంట మాట కోసం మళ్ళీ సిటీకి రమ్మనలేం. గోండి, కోయ, సవర తప్ప తెలుగు సరిగా రానివాళ్ళూ ఉన్నారు, ఆ భాషలు వచ్చిన ఆశా వర్కర్లని మధ్యలో కూర్చోబెట్టే ఏర్పాటు కూడా ముందే ఆలోచించండి.

ఇప్పుడే ఎందుకు అంటే, 2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్ళలో జిల్లా ఆసుపత్రులన్నిటిలో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు (కీమో ఎక్కించి అదే రోజు ఇంటికి పంపేవి) పెడతామన్నారు, మొదటి ఏడాదే 200 అన్నారు. మన జిల్లాలకీ అవి వస్తాయి. కుర్చీలు, ఫ్రిజ్, పంపులు, మందుల ఇండెంట్ రాసుకునేటప్పుడే ఆ నర్సు పోస్టునీ, తలుపున్న ఒక చిన్న గదినీ రాసేయండి. కట్టేశాక అడిగితే స్థలం లేదంటారని నాకు తెలుసు. జిల్లా ఆసుపత్రిలో మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఉండే డాక్టరుకి ఆ నర్సు బాధ్యత అప్పగిస్తే పర్యవేక్షణ సమస్య కూడా అక్కడే తీరుతుంది.

ప్యాకేజీల జాబితా మళ్ళీ సవరించేటప్పుడు ఈ కోడ్ గురించి ఒక నిర్ణయం తీసుకుని, ఆ నిర్ణయం అవునైనా కాదైనా కారణంతో సహా మీ వెబ్‌సైట్లో పెట్టండి. కమిటీ వేస్తే అందులో పెద్ద డాక్టర్లతో పాటు ఒక వార్డు నర్సునీ, ఒక ఆరోగ్యమిత్రనీ, చికిత్స చేయించుకున్న ఇద్దరు పేషెంట్లనీ కూర్చోబెట్టండి. పిలిస్తే నేనూ వస్తాను, స్కాన్ ఉన్న వారం తప్ప.

ఇట్లు,
ఖమ్మం జిల్లా నుంచి ఒక ఆరోగ్యశ్రీ లబ్ధిదారు